రెండో సోల

విద్యావతి తిట్లకు ఆబిడ్స్‌లోని ఆ గల్లీ అంతటా ఒక గౌరవం ఉండేది. మూడో అంతస్తు కిటికీలోంచి ఆమె మొదలుపెడితే, కింద స్కూటర్ అడ్డంగా పెట్టినవాడు తాళంచెవి వెతుక్కుని, బండి తీసి, గల్లీ మలుపు తిరిగేదాకా ఎక్కడా ఊపిరి కోసం ఆగేది కాదు. పెళ్ళయిన కొత్తలో జనార్దన్ ఆ గొంతుకు భయపడ్డాడు. తర్వాత అలవాటు పడ్డాడు. ముప్పై ఆరేళ్ళు గడిచేసరికి, పొద్దున్నే నాలుగు తిట్లు చెవిన పడకపోతే టీలో చక్కెర తక్కువైనట్టు ఉండేది అతనికి.

అందుకే ఆ కార్తీకమాసంలో ఒకరోజు ఆమె తిట్టు సగంలో ఆగిపోతే, డాబా మెట్లు దిగి వస్తున్న జనార్దన్ కూడా ఆగిపోయాడు.

"ఎన్నిసార్లు జెప్పాలె నీకు? ఆ తువ్వాల గట్లనే భుజం మీదేసుకొని ఇంట్లకు రావొద్దని, దాని నిండ పిట్టరెట్ట దుమ్ము, నీకు సిగ్గు..." అని అక్కడిదాకా వచ్చి విద్యావతి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గి దగ్గి గోడ పట్టుకుంది. నీళ్ళు తాగింది. కూర్చుంది. సిగ్గు సంగతి ఏమిటో మాత్రం చెప్పలేదు. సగం తిట్టు తిని దుకాణానికి వెళ్ళడం జనార్దన్‌కు అదే మొదటిసారి.

అతని దుకాణం నాంపల్లి కోర్టుల ఎదురుగా ఉంది. వకీళ్ళకు, నోటరీలకు రబ్బరు ముద్రలు చేసి ఇస్తాడు. పొద్దస్తమానం ముద్రల మధ్య బతకడం వల్లనో ఏమో, ఒకసారి పడిన మాట చెరిగిపోకూడదని అతనికో పట్టుదల. అతని జీవితంలో అన్నిటికంటే గట్టిగా పడిన మాట మాత్రం అతనిది కాదు. అది అతని తల్లిది.

జనార్దన్‌కు రెండేళ్ళప్పుడు కోరింత దగ్గు వచ్చింది. దగ్గు తెర మొదలైతే పిల్లవాడు నీలంగా మారిపోయేవాడట. ఒక పొద్దున తల్లి వాణ్ణి గాలి కోసం డాబా మీదికి ఎత్తుకెళ్ళింది. పిట్టగోడ మీద ఎనిమిదో పదో పావురాలు కూర్చుని ఉన్నాయి. ఆమె వాటికే చేతులు జోడించింది. "నా కొడుకు దగ్గు పోతే మీకు రోజు సోలెడు జొన్నలు పోస్త. నేనున్నన్ని దినాలు నేను, నా తర్వాత వాడు" అని మొక్కింది. పదిహేను రోజుల్లో దగ్గు తగ్గింది. ఆ దగ్గు దానంతట అది కూడా తగ్గుతుందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

ఆనాటి నుంచి ఆ ఇంటి ఇత్తడి సోల ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. తల్లి పోయిన రోజు కూడా జనార్దన్ ముందు డాబా ఎక్కి జొన్నలు చల్లి, తర్వాతే మిగతా పనులు చూశాడు. అరవై ఏళ్ళలో మారిందల్లా పావురాల సంఖ్య. అప్పటి పది ఇప్పటికి రెండు వందలయ్యాయి. డాబా మీద రెట్ట పొరలు పొరలుగా పేరుకునేది. ఆదివారం ఆదివారం జనార్దన్ తలకు తువ్వాలు చుట్టుకుని, పొరక పట్టుకుని ఊడ్చేవాడు. బూడిదరంగు దుమ్ము అతణ్ణి కనపడకుండా చేసేది. దిగి వచ్చి బట్టలు విప్పి పడేస్తే, విద్యావతి వాటిని వెనక వరండాలో టపటపా దులిపి నానబెట్టేది. ఇదంతా పుణ్యకార్యం కింద జరిగిపోయేది.

దగ్గు మొదలైన వారానికి, బెంగుళూరులో ఉన్న కూతురు శ్రీవిద్య ఇద్దరి ఫోన్లకూ ఒక వార్త పంపింది. పావురాల రెట్ట వల్ల ఊపిరితిత్తులకు జబ్బులు వస్తాయని దాని సారాంశం. జనార్దన్ సగం చదివాడు. మిగతా సగం చదివితే నిజమవుతుందేమోనని ఆపేసి, తన ఫోనులోంచి తీసేశాడు. విద్యావతి స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోనులోంచి కూడా తీసేశాడు. తీసేసినంత మాత్రాన పని కాదని అతనికీ తెలుసు.

నాలుగు రోజుల తర్వాత ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. దవాఖాన అదే ఆబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉంది. డాక్టరు పేరు హైందవి. ముప్పై అయిదేళ్ళ పిల్ల. తాతగారు యాభై ఆరులో గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె పుట్టింది, పెరిగింది ఈ ఊళ్ళోనే అయినా మాట మాత్రం ఇంట్లో నేర్చుకున్నదే.

వీపు మీద గొట్టం పెట్టి విని, కీళ్ళనొప్పులకు విద్యావతి రెండేళ్ళుగా వేసుకుంటున్న మాత్రల చీటీ చదివి, ఆమె అడిగింది. "ఇంట్లో కుక్క, పిల్లి లాంటివేమైనా ఉన్నాయా ఆంటీ? పోనీ పావురాలు వాలతాయా ఇంటి మీద, బాల్కనీలో?"

విద్యావతి నోరు తెరిచింది.

"లేవమ్మా" అన్నాడు జనార్దన్. "పావురాలు గివురాలు ఏం లేవు."

విద్యావతి అతని వైపు చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. హైందవి కాగితం మీద ఏదో రాసుకుంది. అది అబద్ధమని, తన అబద్ధమేనని, అది ఇప్పుడు కాగితం మీద పడిందని జనార్దన్‌కు తెలుసు. అయినా దాన్ని వెనక్కి తీసుకోలేదు. పావురాలున్నాయంటే ఆపమంటారు. ఆపితే మొక్కు తప్పుతుంది. మొక్కు తప్పితే ఆ పాపం తిన్నగా వెళ్ళి విద్యావతికే తగులుతుందని అతని భయం.

ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తిలో చింతగింజంత మచ్చ కనపడింది. కళ్ళె పరీక్షలో టీబీ లేదన్నారు. స్కాన్ తీయాలన్నారు. టీబీ కాకపోతే మరేమిటన్నది ఎవరూ పైకి అనలేదు. ఇంట్లో ఇద్దరూ ఆ మాటను తప్పించుకుని తిరగడం మొదలుపెట్టారు. విద్యావతి తిట్లు ఇంకా పొట్టివయ్యాయి. "ఏందయ్యా..." అని మొదలుపెట్టి, చెయ్యి ఊపి వదిలేసేది. ఆ చెయ్యి ఊపడం చూస్తే జనార్దన్‌కు ఏడుపు వచ్చేది.

అప్పుడే అతనికో ఆలోచన తట్టింది. తన దగ్గు పోవడానికి తల్లి సోలెడు జొన్నలు మొక్కింది, పని జరిగింది. మరి విద్యావతి దగ్గుకు ఇంకో సోల మొక్కితే? మర్నాడు పొద్దున డాబా మీద నిలబడి, ఆమెకు నయమైతే రెండో సోల కూడా బతికున్నన్నాళ్ళూ పోస్తానని మొక్కుకున్నాడు. నయమయ్యేదాకా ఎందుకు ఆగాలని అదే రోజు మొదలుపెట్టేశాడు. ఆమె నిద్రలేవకముందే గుప్పెడు జొన్నలు ఆమె తల చుట్టూ మూడుసార్లు తిప్పి, వాటిని కూడా తీసుకుపోయి పావురాలకు వేసేవాడు.

రెండో సోల కబురు పావురాల్లో ఎలా పాకిందో గాని, చాదర్‌ఘాట్ వైపు నుంచి కూడా కొత్త మందలు దిగాయి. రెట్ట పెరిగింది. ఆదివారంతో పాటు గురువారం కూడా ఊడ్చాడు. దుమ్ము రెట్టింపయింది. దులపాల్సిన బట్టలు రెట్టింపయ్యాయి. దగ్గు పెరిగింది. దగ్గు పెరిగిన కొద్దీ అతను జొన్నలు ఇంకాస్త గుట్టగా పోశాడు. భార్య మీద ప్రేమతో ఒక మనిషి ఇంత శ్రద్ధగా తప్పు చేయడం అరుదు.

మొదటిసారి వెళ్ళిన మూడు వారాలకు స్కాన్ చూపించుకునే రోజు వచ్చింది. ఆరోజు విద్యావతి ముందే లేచి కూర్చుంది. తల చుట్టూ తిప్పే వీలు లేకపోయింది. జనార్దన్ గుప్పెడు జొన్నలు చొక్కా జేబులో పోసుకున్నాడు. ఆటోలో తిప్పుదామంటే ఆటోవాడు అద్దంలోంచి వీళ్ళనే చూస్తున్నాడు. దవాఖాన మెట్ల మీద తిప్పుదామంటే మెట్ల నిండా జనం. జొన్నలు జేబులోనే ఉండిపోయాయి.

హైందవి స్కాన్ ఫిల్మును వెలుగుతున్న పలక మీద పెట్టింది. "మచ్చ కొంచెం పెరిగిందంకుల్. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తప్ప..."

జనార్దన్ ఆ మచ్చను చూద్దామని ముందుకు వంగాడు. జేబులోని జొన్నలన్నీ జలజలా డాక్టరు బల్ల మీద రాలాయి. రిపోర్టుల మీద దొర్లి, బల్ల అంచు దాటి, నేల మీద చిటపటమంటూ నాలుగు వైపులా పోయాయి. ఒక గింజ మాత్రం బల్ల మీద గిర్రున తిరిగి తిరిగి హైందవి పెన్ను దగ్గర ఆగింది.

"ఏంటంకుల్ ఇవి?"

"జొన్నలమ్మా."

"అది తెలుస్తోంది. జేబులో ఎందుకున్నాయి?"

జనార్దన్ నేల చూపులు చూశాడు. విద్యావతికి నవ్వూ దగ్గూ ఒకేసారి వచ్చాయి. "జెప్పు" అంది. "నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

"పావురాలకు" అన్నాడు జనార్దన్.

"పావురాలు లేవన్నారుగా?"

"ఉన్నయి."

"ఎన్ని?"

"ఇంతకుముందైతే రెండు వందలు. ఈ నడుమ జర ఎక్కువైనయి."

హైందవి పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే జనార్దన్‌కు తేలిగ్గా ఉండేది. డాబా ఎవరు ఊడుస్తారు, తడిపి ఊడుస్తారా పొడిగానా, ఆ బట్టలు ఎవరు ఉతుకుతారు, ఉతికే ముందు దులుపుతారా అని ఒక్కొక్కటే అడిగింది. ముప్పై ఏళ్ళుగా కోర్టు ఎదురుగా కూర్చున్న మనిషికి బోనులో నిలబడటం ఎలా ఉంటుందో ఆరోజు తెలిసింది. అన్నిటికీ నిజమే చెప్పాడు.

"మట్టిలోనూ, పావురాల రెట్టలోనూ ఒక రకం ఫంగస్ ఉంటుందంకుల్" అంది హైందవి. "బూజు లాంటిదనుకోండి. పాత రెట్ట ఎండిపోయాక పొడిగా ఊడిస్తే దుమ్ముతో పాటు పైకి లేస్తుంది. కంటికి కనపడదు. మీరు పీల్చారు, మీకేం కాలేదు. చాలామందికి ఏమీ కాదు. కానీ ఆంటీ కీళ్ళకు వేసుకునే మాత్రలు ఒంట్లో కాపలాను తగ్గిస్తాయి. అలాంటివాళ్ళు పీలిస్తే అది ఊపిరితిత్తిలో ఇల్లు కట్టుకుంటుంది. ఇది అదేనని ఇప్పుడే అనను. దానికి రక్తపరీక్ష ఉంది, సూది పరీక్షతో పాటు అదీ చేయిద్దాం. అప్పటిదాకా డాబా ఊడ్చొద్దు, బట్టలు దులపొద్దు."

పెన్ను మళ్ళీ తీసుకుంటూ, "మీరు మొదటిరోజే చెప్పుంటే మొదటిరోజే చేయించేదాన్ని" అంది.

ఆ ఒక్క మాట జనార్దన్ గుండెలో దిగింది. మూడు వారాలు. అందులో చాలా రోజులు రెండేసి సోలలు. తన చేతులతో తనే పోశాడు. వంగి నేల మీది జొన్నలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతున్నట్టు కనపడితే కళ్ళు తుడుచుకున్నది కనపడదని.

వారం తిరక్కుండా పరీక్షలన్నీ వచ్చాయి. హైందవి చెప్పిన ఫంగసే. తలకు పాకలేదు, మరెక్కడికీ పోలేదు. ఆరు నెలలు, అవసరమైతే ఇంకొన్నాళ్ళు, రోజూ మాత్రలు వేసుకుంటే నయమవుతుందంది. కీళ్ళ మందు సంగతి ఆ డాక్టరుతో తనే మాట్లాడుతానంది.

"అయితే వేరేది కాదా?" అన్నాడు జనార్దన్.

"వేరేది కాదు."

"ఫంగసేనా?"

"ఫంగసే."

జనార్దన్ పకపకా నవ్వాడు. కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, విద్యావతి చెయ్యి పట్టుకున్నాడు. ఫంగస్ అన్న మాటకు అంత సంబరపడిన మనిషిని హైందవి అంతకుముందు చూసి ఉండదు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, "జొన్నలు మాత్రం ఈ రోజు నుంచే బంద్" అంది.

బయటికి వచ్చాక ఇద్దరూ ఇంటికి పోలేదు. నడుచుకుంటూ నాంపల్లి స్టేషను దాకా వెళ్ళి, అక్కడి ఇరానీ హోటల్లో కూర్చున్నారు. ఛాయ్ వచ్చింది. జనార్దన్ తాగలేదు.

"అమ్మ మొక్కు, విద్యా" అన్నాడు చివరికి.

"నాకెరుక" అంది ఆమె. "మొదటిరోజు నేనెందుకు నోరు మూసుకున్ననో తెల్సా నీకు?" అని అడిగింది.

"నేను అబద్ధమాడిన్నని తెలిస్తే నా ఇజ్జత్ పోతదని."

"నీ ఇజ్జత్ గురించి ఎవరికి ఫికర్? అది కాదు. పెండ్లైన వారానికే మీ అమ్మ నన్ను డాబా మీదికి తోల్కపోయింది. ఆ సోల జూపిచ్చి, వాని ఊపిరి దీంట్లనే ఉన్నది బిడ్డా, జర పైలం అన్నది. డాక్టరమ్మకు పావురాలున్నయని జెప్తే జొన్నలు బంద్ జేయమంటది. బంద్ జేస్తే నీకు మల్ల ఆ దగ్గొస్తదేమోనని ఊకున్న."

జనార్దన్ ఛాయ్ కప్పు పక్కకు జరిపి ఆమె ముఖంలోకి చూశాడు. ఊపిరితిత్తిలో మచ్చ పెట్టుకుని, దగ్గలేక దగ్గుతూ, ఈ మనిషి మూడు వారాల పాటు తనకు దగ్గు రాకూడదని నోరు మూసుకుని కూర్చుంది. అదీ నోరు మూసుకోవడమంటే ఏమిటో తెలియని మనిషి. తనంత పిచ్చిది ఈ లోకంలో ఇంకొకతె ఉందని, ఆమెనే తను కట్టుకున్నానని అతనికి పట్టరాని సంతోషం కలిగింది.

"మరి నేను గూడ నీకోసమే గద రెండో సోల..." అని నోరు జారాడు.

"ఏ రెండో సోల?"

చెప్పక తప్పలేదు. విన్నది. ఛాయ్ కప్పు కింద పెట్టింది. "నీకు ఆ బుర్రల ఏమన్న ఉన్నదా, ఒక్క సోలకే నేను గిట్లైతే నువ్వు రెండో సోల పోస్తవా, పోసి మల్ల గురువారం గూడ..." అని అందుకుంది. హోటల్లో నలుగురు తలలు తిప్పారు. అక్కడ దగ్గు అడ్డం పడింది.

జనార్దన్ నీళ్ళ గ్లాసు అందించాడు. "మిగిలింది నేనే తిట్టుకుంట. నువ్వు ఛాయ్ తాగు" అని, గొంతు తగ్గించి తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు. ముప్పై ఆరేళ్ళు విన్నవాడు కాబట్టి ఒక్క మాట కూడా తప్పు పోలేదు. విద్యావతి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వు తగ్గాక ఆమె అంది. "మీ అమ్మ పావురాల కోసం మొక్కలేదయ్యా. ఇంట్ల దగ్గు పోవాలని మొక్కింది. ఇప్పుడు దగ్గు పోవాలంటే జొన్నలు పావురాలకు పోవద్దు. ఆమె ఉన్నా గిదే జెప్తుండె."

"మరి సోల?"

విద్యావతి రోడ్డు అవతలికి చూపించింది. స్టేషను గోడ పక్కన పోశవ్వ కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. ఆమె రొట్టెల చప్పుడు జనార్దన్ దుకాణానికి వెళ్ళేటప్పుడు రోజూ వింటాడు. రైలు దిగి ఎటు పోవాలో తెలియనివాళ్ళు, కోర్టు వాయిదాకు పల్లె నుంచి వచ్చి జేబులు తడుముకునేవాళ్ళు ఆ పొయ్యి చుట్టూ తచ్చాడుతుంటారు.

వెళ్ళి సంగతంతా చెప్పారు. పోశవ్వ చేతిలోని రొట్టెను పెనం మీద వేసి, తీరిగ్గా విన్నది.

"సోలెడు జొన్నలు గిర్నీల పట్టిచ్చి తెస్తివా, అయిదు రొట్టెలైతయి" అంది. "ఆకలని వచ్చి నిలవడ్డోళ్ళకు ఇస్త. నీ పేరు జెప్పాల్నా?"

"వద్దు."

"పావురాల పేరు జెప్తలే" అని పోశవ్వ రొట్టె తిప్పింది.

మర్నాడు డాబా కడగడం ఒక పండగలా జరిగింది. మొదటి అంతస్తులో కిరాయికుండే భావనారాయణ, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, ఒంటికి వానకోటు వేసుకుని నీళ్ళ గొట్టంతో సహా దిగాడు. "పదకొండేళ్ళండీ జనార్దన్ గారూ! మా ఆవిడ పెట్టిన ఒక్క వడియాన్నీ మీ పావురాలు బతకనివ్వలేదు. ఈ రోజు కోసం దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను" అన్నాడు. ఆయన ఏ దేవుడికి మొక్కుకున్నాడో, ఏం మొక్కుకున్నాడో జనార్దన్ అడగలేదు.

హైందవి చెప్పినట్టే పొరక ముట్టుకోలేదు. బ్లీచింగు కలిపిన నీళ్ళు పోసి, బాగా నానబెట్టి, తడి మీదే గీకి సంచుల్లో కట్టేశారు. విద్యావతిని కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉండమన్నారు. పని సగంలో ఉండగా జనార్దన్ దగ్గాడు.

ఒక్కసారే దగ్గాడు. అయినా కింద మూసిన కిటికీ టక్కున తెరుచుకుంది. "ఏందయ్యా! దగ్గినవా?" అంది విద్యావతి.

జనార్దన్ గీకడం ఆపేశాడు. సోల ఆగిన మొదటిరోజు అది. అంతలో భావనారాయణ దగ్గాడు. ఆయన వెనక బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య సుబ్బరత్నం కూడా దగ్గింది. "ఈ బ్లీచింగు ఘాటండీ బాబూ, గొంతు పట్టేసింది" అందామె.

జనార్దన్ పిట్టగోడ మీంచి వంగాడు. "బ్లీచింగు! ఉత్త బ్లీచింగు! కిటికీ మూసుకో!" అని అరిచాడు. అంత ఆనందంగా ఆ మాట అరిచినవాళ్ళు ఆ గల్లీలో అంతకుముందు లేరు.

పావురాలు మొదటి నాలుగు రోజులు వచ్చి పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి. జనార్దన్ తలుపు సందులోంచి చూసేవాడు. వాటి ముందుకు పోయే ధైర్యం లేక నీళ్ళ టాంకు పని కూడా భావనారాయణకు అప్పజెప్పాడు. వారానికి సగమయ్యాయి. పది రోజులకు ఒక్కటీ లేదు. దుకాణానికి పోతూ ఒకరోజు అవి రోడ్డవతలి కరెంటు తీగల మీద కూర్చుని ఉండగా చూశాడు. నిలబడి తల పైకెత్తి చూశాడు. ఒక్కటి కూడా తల తిప్పలేదు.

"అరవై ఏండ్లు తిన్నయి విద్యా. ఒక్కటన్న గుర్తు వట్టలే" అని సాయంత్రం వాపోయాడు.

"నువ్వు వాటిని గుర్తువట్టినవా?"

ఆలోచించాడు. ఒక్కదాన్నీ గుర్తు పట్టలేదు. లెక్క సరిపోయిందనుకుని అన్నానికి కూర్చున్నాడు.

చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. మాత్రలు అయిపోయినకొద్దీ దగ్గు సన్నగిల్లింది. సుబ్బరత్నం డాబా మీద వడియాలు పెట్టి, మొదటి డబ్బా తెచ్చి విద్యావతికిచ్చింది. జనార్దన్ రోజూ పొద్దున సోలెడు జొన్నల పిండి సంచీలో పెట్టుకుని నాంపల్లికి నడిచేవాడు. పోశవ్వ ఆ పిండి రొట్టెలను వేరే గంపలో పెట్టేది. ఒకసారి మహబూబ్‌నగర్ వైపు నుంచి వాయిదాకు వచ్చిన ముసలాయన ఆ రొట్టె తింటూ జనార్దన్ దుకాణం మెట్టు మీదే కూర్చున్నాడు. తిని, నీళ్ళు తాగి, హాయిగా ఒక్క నిట్టూర్పు విడిచి లేచిపోయాడు. ఆయన ముఖం జనార్దన్‌కు చాలా రోజులు గుర్తుంది.

మృగశిర కార్తె వచ్చింది. ఉబ్బసం మందు కోసం నాంపల్లి మైదానానికి జనం రైళ్ళ నిండా దిగుతున్నారు. ఆ వారంలోనే హైందవి కొత్త స్కాన్ చూసి, మచ్చ పోయిందని, గీతలాంటి ఆనవాలు మాత్రం మిగిలిందని, మాత్రలు ఇక చాలని చెప్పింది. జనార్దన్ ఈసారి ముందుకు వంగి చూశాడు. జేబులోంచి ఏమీ రాలలేదు. హైందవి మాత్రం బల్ల సొరుగు తెరిచి, ఒక జొన్నగింజ తీసి చూపించింది. "దాచుకున్నానంకుల్. దగ్గుతో వచ్చే ప్రతివాళ్ళనూ ఇప్పుడు పావురాల గురించి రెండుసార్లు అడుగుతున్నాను."

మర్నాడు పొద్దున జనార్దన్ డబ్బాలోంచి సోలెడు పిండి తీశాడు. ఆగాడు. విద్యావతికి నయమైతే బతికున్నన్నాళ్ళూ రెండో సోల అని మొక్కింది తనే. నయమైంది. మాట పడింది. ఇంకో సోల తీసి సంచీలో పోశాడు. తొందరలో సగం పిండి భుజం మీది తువ్వాలు మీద, సగం వంటింటి గట్టు మీద పడింది. చూసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

గల్లీలో నాలుగడుగులు వేశాడో లేదో పైన కిటికీ తెరుచుకుంది.

"ఏందయ్యా అది, గట్టంత పిండి జల్లి పోతున్నవ్, నేనేమన్న నీ నౌకరునా, ఆ తువ్వాల జూడు, గోడకు సున్నమేసొచ్చినట్టు, ఎన్నిసార్లు జెప్పాలె, దులుపుకొని పోవాలెనని తెల్వదా, అరవై మూడేండ్లొచ్చినయి గని ఒక్క పని సక్కగ రాదు, రెండు సోలలు తీస్తే డబ్బల రేపటికేమున్నది, నాకు జెప్పినవా, అడిగినవా, నీకు సిగ్గు శరం ఉంటె ముందుగాల ఆ తువ్వాల..."

కింద పాలవాడు సైకిలు ఆపాడు. భావనారాయణ పేపరు పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. జనార్దన్ సంచీ గుండెలకు హత్తుకుని, తల పైకెత్తి, కదలకుండా నిలబడ్డాడు. ఇక్కడ ఆగుతుందేమో అనుకున్నచోట ఆగలేదు. పోయిన కార్తీకంలో తెగిపోయిన సిగ్గు దగ్గర కూడా ఆగకుండా దాటిపోయింది. పాలవాడు ఒకటికి రెండుసార్లు చూశాడు, ఈ మనిషి ఇంతింత తిట్లు తింటూ కళ్ళెందుకు తుడుచుకుంటున్నాడా, అంతలోనే ఎందుకు నవ్వుతున్నాడా అని.

తిట్లు చివరిదాకా వచ్చి ముగిశాయి. గల్లీ నిశ్శబ్దమైంది.

"ఐపోయిందా?" అని కింద నుంచి అరిచాడు జనార్దన్, ఆశగా.

"ఇంక మస్తున్నది!" అంది విద్యావతి. "రొట్టెల పిండి ఇచ్చి జల్ది రా!"